గోడ లేని వాటికి నీళ్ళు

సారమ్మ ఇరవై ఒక్క ఏళ్ళుగా వండి పెడుతోంది. ఆ వంట తిన్నవాళ్ళెవరూ ఉప్పెక్కువైందని గానీ, రుచిగా ఉందని గానీ ఇంతవరకు అనలేదు. అనడానికి వాటికి నోళ్ళు లేవు.

హనుమకొండలోని ఒక కాలేజీలో సూక్ష్మజీవుల శాఖ ఉంది. దాని కింది అంతస్తులో, మెట్ల పక్కనున్న గది సారమ్మది. మాంసపు సారం, ఉప్పు, అగర్ పొడి తూచి, నీళ్ళలో కలిపి, ఆటోక్లేవ్‌లో ఆవిరి పట్టి, గోరువెచ్చగా ఉన్నప్పుడే మూతలున్న గాజు ప్లేట్లలో పోస్తుంది. అది జున్నులా పేరుకుంటుంది. పై అంతస్తులో పిల్లలు దాని మీద క్రిములను పెంచి చదువుకుంటారు. పనైపోయాక ప్లేట్లు మళ్ళీ ఆమె దగ్గరికే దిగివస్తాయి. అప్పుడు వాటిని అదే ఆటోక్లేవ్‌లో పెట్టి, క్రిములను చంపి, కడిగి ఆరబెట్టేదీ ఆమే.

"బువ్వ వెట్టేది నువ్వే, సంపేది నువ్వే. నీకు మొక్కాల్నా, నిన్ను జూసి ఉరకాల్నా?" అంటాడు భర్త సాల్మన్. ఆయన మట్టెవాడలో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మాటలు కూడా నూనె వేసినట్టు జారిపోతాయి.

సారమ్మది పరకాల దగ్గర పల్లె. మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. ఆ బడి నేర్పిన పెద్ద చదువల్లా ఒకటే, చేతిలోకి వచ్చిన పనిని దేవుడు చూస్తున్నట్టు చెయ్యాలని. ఆమె తూచిన పొడిని మళ్ళీ తూచినవాళ్ళు లేరు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఎవరితోనూ అనలేదు గానీ, లోపల ఆ గొప్ప కొంచెం ఉండేది.

అరుణ మూడేళ్ళ కింద పరిశోధనకు వచ్చింది. ఆమె కూడా పరకాల దిక్కు రైతుబిడ్డే. వచ్చిన మొదటిరోజే గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చి, "మీది ఏ ఊరు పెద్దమ్మా?" అని అడిగింది. అంతకుముందు ఆ గదిలోకి వచ్చినవాళ్ళు "ప్లేట్లయినయా?" అనే అడిగేవాళ్ళు. ఒకసారి మరిగే అగర్ మీదపడి సారమ్మ చెయ్యి బొబ్బలెక్కితే, రెండు రోజులు సీసాలన్నీ అరుణే కడిగింది. కడుగుతూ మూడు పగలగొట్టింది, అది వేరే సంగతి.

అరుణ పనికి కావలసిన తిండి మాత్రం అందరి తిండి లాంటిది కాదు. అయిదోవంతు చక్కెర. అగర్ తక్కువ, ప్లేటు కదిపితే వణకాలి. పైగా గుర్రపు రక్తం నుంచి తీసిన పసుపుపచ్చని రసం.

"గింత శెక్కరెందుకు బిడ్డా? క్రిములకు పెండ్లి జేస్తానవా?" అని సారమ్మ అడిగింది.

అరుణ స్టూలు లాక్కుని కూర్చుంది. "క్రిమికి సుట్టు గోడ ఉంటది పెద్దమ్మా. మనం మింగే గోలీల్ల కొన్ని ఆ గోడనే ఇరగ్గొడ్తయి. గోడ ఇరిగితే క్రిమి పగిలి సస్తది. కని కొన్ని మస్తు జిద్దువి. గోడనే ఇడిసిపెడ్తయి. ఇగ గోలీ అచ్చి ఏం ఇరగ్గొట్టాలె?"

"బట్టలిడిసి చెర్ల దుంకిన దొంగ లెక్కన."

"గంతే! గోలీలు బందు కాంగనే కొన్ని మళ్ళ గోడ కట్టుకుంటయి. కొందరికి జరం తగ్గినట్టే తగ్గి మళ్ళ మళ్ళ వచ్చేది గిందుకేనేమో అని నా అనుమానం. గోడ లేనప్పుడు వీటిని ఎల్-ఫారంలంటరు."

"గోడ లేకుంట బతుకుడెట్ల మరి?"

"సుట్టు చిక్కటి శెక్కర పాకం ఉండాలె. ఉత్త నీళ్ళు తాకినయనుకో, లోపలికి గుంజుకొని, ఎండు ద్రాక్ష నానినట్టు ఉబ్బి, పటుక్కున పగుల్తయి."

సారమ్మ విన్నది. కథ విన్నట్టు విన్నది. తర్వాత ఒకరోజు అరుణ ఆమెను పైకి తీసుకుపోయి మైక్రోస్కోపులో చూపించింది. నడుమ ముద్ద, చుట్టూ పలుచని అంచు, పెనం మీద గుడ్డు కొట్టి పోసినట్టు చిన్నచిన్న చుక్కలు. ఇరవై ఒక్క ఏళ్ళలో తన వంట తిన్నవాళ్ళను ఆమె కళ్ళారా చూడటం అదే మొదలు. చూపించాలని తోచింది కూడా అరుణ ఒక్కదానికే.

ఆ చుక్కలు భద్రమ్మవి. భద్రమ్మ పత్తి ఏరే కూలిమనిషి. మూత్రంలో మంట, చలిజ్వరం, ఏడాదిలో నాలుగుసార్లు వచ్చాయి. దవాఖాన డాక్టరమ్మ ఒప్పుకుని అరుణను ఆమె దగ్గరికి పంపితే, భద్రమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. "థూ! నా ఉచ్చ సదువుకునే పిల్ల చేతికిచ్చుడా? పాపం తగుల్తది." తోడుపోయిన సారమ్మే పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, "నీ అసొంటోల్లు ఇంక ఎందరున్నరో అక్కా. వాళ్ళ కోసమన్న ఇయ్యి" అని నచ్చజెప్పింది. భద్రమ్మ సీసాను కొంగులో దాచి తెచ్చి, మొహం అటు తిప్పుకుని ఇచ్చింది.

ఆ సీసాలోంచి మొలిచిన వాటిని అరుణ ఏడు నెలలు బతికించింది. పది పన్నెండు రోజులకోసారి కొత్త ప్లేట్లలోకి మార్చాలి. గడ్డకట్టించి దాచిపెట్టాలని రెండుసార్లు చూసింది, రెండుసార్లూ బతకలేదు. గోడ లేని వాటి మీద ఏ మందు పనిచేస్తుందో తేల్చే ఆఖరి పరీక్ష ఒక్కటి మిగిలింది. ఏప్రిల్‌లో కాలేజీ పెద్దల ముందు ఫలితం చూపించాలి.

మార్చిలో అరుణ తమ్ముడి నిశ్చితార్థం వచ్చింది. నాలుగు రోజులు ఊరికి పోతూ, ఇంక్యుబేటర్ అనే వెచ్చటి పెట్టె తలుపు తెరిచి చూపించింది. పై అరలో ఒక డబ్బా, కింది అరలో ఒక డబ్బా, డబ్బాకు పన్నెండు ప్లేట్లు. ప్లేట్లు ఎండిపోకుండా అడుగున నీళ్ళ ట్రే.

"ట్రేల నీళ్ళు ఇంకనియ్యకు పెద్దమ్మా. ఇంకేం ముట్టకున్నా మంచిదే. జర పైలం."

"నువ్వు ఫికర్ జెయ్యకు, పో బిడ్డా."

అవి ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలపు రోజులు. చర్చి సంఘం వాళ్ళు సాయంత్రం ఒక్కో ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటారు. ఆ వారం కూడిక సారమ్మ ఇంట్లో. నలభైమందికి వండాలి. రెండు రోజులు ఆమె కాలేజీలో ఉన్నా మనసు ఇంట్లో పొయ్యి దగ్గరే ఉంది. మూడోరోజు పొద్దున పెట్టె తెరిస్తే ట్రే ఎండిపోయి, అడుగున తెల్లటి మరక మాత్రం మిగిలింది. పై డబ్బా తీసి చూసింది. ప్లేట్లలో జున్ను గాజు అంచుల నుంచి ఊడి, నీళ్ళందని నారుమడిలా ముడుచుకుపోయింది.

ఎండుతున్నది కనబడితే ముందు నీళ్ళు, తర్వాతే ఏడుపు. నారైనా, దూడైనా, దారిన పోయే మనిషైనా అంతే. ఆమె తల్లి నేర్పింది అదే. సారమ్మ చేతులు సబ్బుతో కడుక్కుంది. బయటి క్రిములు పడకుండా స్పిరిట్ దీపం వెలిగించింది. ఆవిరి పట్టిన శుభ్రమైన నీళ్ళ సీసా తీసి, మంట పక్కనే మూతలెత్తి, గాజు గొట్టంతో ఒక్కో ప్లేటులో కొంచెం కొంచెం పోసింది. "తాగుండ్రి, తాగుండ్రి" అని పలికింది కూడా. పన్నెండు ప్లేట్లు అయ్యేసరికి సీసా ఖాళీ అయింది. కింది డబ్బా అంతగా ఎండలేదు, వదిలేసింది. ట్రే నింపింది. మధ్యాహ్నానికి పై ప్లేట్లు మళ్ళీ నిండుగా కనబడితే, గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని దేవునికి వందనం చెప్పుకుంది.

అరుణ తిరిగొచ్చినప్పుడు ఈ సంగతి చెప్పలేదు. చెప్తే ట్రే ఎండిన సంగతీ చెప్పాలి మరి.

అరుణ నిశ్చితార్థం లడ్డూలు తెచ్చింది. సారమ్మకు నాలుగు విడిగా పొట్లం కట్టి, "మామకు గూడ" అంది. పైకి పోయింది. అరగంటకు దిగివచ్చింది. మొహంలో రక్తం లేదు.

"పగిలిపోయినయి పెద్దమ్మా. ఉత్త పొట్టు మిగిలింది."

ఆ "పగిలిపోయినయి" అనే మాటతోనే సారమ్మకు స్టూలూ, ఎండు ద్రాక్షా, ఉత్త నీళ్ళూ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నోట్లో లడ్డూ ఉంది. మింగలేక, ఉమ్మలేక నిలబడింది.

అరుణ అయినా ఆశ వదలలేదు. పై డబ్బాలోంచే కొత్త ప్లేట్లలోకి మార్చింది. ఎప్పుడూ పై డబ్బాతోనే మొదలుపెట్టడం ఆమె అలవాటు. ఒకే పెట్టెలోవి కనుక కిందివీ అంతేననుకుంది. ఆరు రోజులు చూసింది. ఒక్క చుక్కా మొలవలేదు. గైడు చంద్రమౌళి సారు వచ్చి చూశారు. మంచి మనిషే, కానీ ఎప్పుడూ ఇంకో మీటింగుకు పోయే మనిషి.

"బయటి క్రిమి ఏదో సొచ్చి ఉంటది అరుణా. ఇప్పుడు పీకులాడకు. రెండు డబ్బాలూ, అన్నీ ఆటోక్లేవ్ చేయించు. ఇది అంటుకుంటే అందరి పనీ పోతది."

అరుణ రెండు డబ్బాలూ తానే మోసుకొచ్చింది. "నా చెయ్యే మంచిగ లేదు పెద్దమ్మా. ఎక్కడనో తప్పు జేసిన" అంది. వాటిని బల్ల మీద పెట్టి, ఒక్క క్షణం వాటి మీద అరచెయ్యి ఆనించి, వెళ్ళిపోయింది.

గదిలో సారమ్మ, రెండు డబ్బాలు. పైది చచ్చింది. కిందిదానికి నీళ్ళు పొయ్యలేదు. ఆ ముక్క భూమ్మీద ఆమె ఒక్కదానికే తెలుసు. మెట్లు పద్దెనిమిది. ఎక్కి, "బిడ్డా, కింది డబ్బా ఒక్కసారి చూడు" అంటే చాలు. ఎందుకని అరుణ అడుగుతుంది. అడిగితే నీళ్ళు, నీళ్ళ వెనక ట్రే, ట్రే వెనక ఇరవై ఒక్క ఏళ్ళ పేరు. సారమ్మ కింది డబ్బాను ముందుగా ఆటోక్లేవ్‌లో పెట్టింది. దాని మీద పై డబ్బా. మూత దించి, మరలు బిగించింది. ఒక మర సరిగా పడకపోతే విప్పి మళ్ళీ బిగించింది. ఆవిరి ఈల వేసేదాకా అక్కడే నిలబడింది, పని శ్రద్ధగా చేసే మనిషిలా.

ఆ తర్వాతి రోజుల్లో ఆమెను కాల్చింది అరుణ కోపం కాదు, అరుణ మంచితనం. "రెండు రోజులకెళ్ళి మొఖం గుంజుకపోయింది పెద్దమ్మా, జరమా?" అని నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. ఒకనాడు చక్కెర సీసా మూత పెడుతూ, "ఇగ ఇడిసిపెట్టి ఊరికి వోదామనిపిస్తాంది. టీచర్ పనన్నా దొరుకదా?" అంది. ఏడు నెలలు ఒక్క తప్పూ చెయ్యని చెయ్యిని తిప్పి తిప్పి చూసుకుంటోంది. సారమ్మ ఆ చెయ్యి వైపు చూడలేక తూకపు రాళ్ళు తుడిచింది.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. తెల్లచీర కట్టుకుని సాల్మన్‌తో గుడికి పోయింది. ఒకరికి చేసిన తప్పును మనసులో దాచుకుని రొట్టె ముట్టరాదని చిన్నప్పుడు నేర్చుకుంది. వరసలో లేచింది, రెండడుగులు వేసింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. పక్కనున్న సమ్మమ్మ చూసింది. తన పాటల పుస్తకాన్ని ఇద్దరికీ నడుమ పెట్టి, సారమ్మ వైపు కొంచెం జరిపింది. ఆ జరపడానికి సారమ్మకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఇంటిదారిలో సాల్మన్ నవ్వించబోయాడు. "ఏందే, ఎవని కోడి దొంగతనం జేసినవ్?" ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకునేసరికి ఆయన మాటలు కూడా ఆగాయి. ఇల్లు చేరేదాకా ఆమె పక్కనే నెమ్మదిగా నడిచాడు.

మంగళవారం అరుణ ఫోను పెట్టేసి నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "భద్రమ్మకు ఫోన్ జేసిన పెద్దమ్మా. మంచిగుందట. మూడు నెలలైందట జరం రాక. మళ్ళ వస్తే ఇంకోసారి సీసా అడుగుదామనుకున్న గని... మంచిగనే ఉండనియ్యి. దేవుడు సల్లగ సూసిండు."

ఆ సాయంత్రం సారమ్మ ప్రార్థనకు మోకరించింది. అలవాటు ప్రకారం పేర్లు వరసగా వచ్చాయి. భద్రమ్మ పేరు వచ్చింది. పేరు వెనకనే ఒక కోరిక, ఆమె పిలవకుండానే, నాలుక కొసకు వచ్చి నిలిచింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ జ్వరం మళ్ళీ...

సారమ్మ నోటిని అరచేత్తో మూసుకుంది. దేవుని ఎదుట మోకాళ్ళ మీద ఉండి, కూలి చేసుకునే మనిషికి చలిజ్వరం అడగబోయింది. తన తప్పు కప్పుకోవడానికి. లేచి నిలబడింది. ఆమేన్ అనలేదు.

మరునాడు పొద్దున అరుణ బల్ల సర్దుకుంటుంటే సారమ్మ మెట్లెక్కి పోయి, గుమ్మంలోనే నిలబడింది.

"బిడ్డా, నీ చెయ్యి తప్పు జెయ్యలే. ట్రే ఎండవెట్టిన. ప్లేట్లు ఎండినయని నీళ్ళు పోసిన."

అరుణ వెంటనే అర్థం కాక చూసింది. అర్థమయ్యాక, విచిత్రంగా, నవ్వింది. కుర్చీలో కూలబడి నవ్వింది. "నీళ్ళా! ఉత్త నీళ్ళా పెద్దమ్మా! నేను ఇరవై దినాల సంది నా చేతులు వాసన జూసుకుంటాన. బయటి క్రిమి గాదు, ఏం గాదు... నీళ్ళు!" నవ్వుతుంటే కళ్ళలోంచి ధారలు కారాయి. లేచొచ్చి సారమ్మ భుజం పట్టుకుంది. "పోనియ్యి. ఎండినయని పోసినవు. తెల్వక జేసినవు." తర్వాత తల పక్కకు వంచి, మామూలుగా, ఊరికే అడిగినట్టు అడిగింది. "రెండు డబ్బాల్లనా?"

అవునంటే అయిపోయేది. క్షమ అప్పటికే భుజం మీద ఉంది, వెచ్చగా. సారమ్మ ఆ చెయ్యి కింద నిలబడి నేల చూసింది.

"లేదు బిడ్డా. మీదున్న డబ్బ ఒక్కటే."

"మరి కిందిది?"

"కిందిది ముట్టలే."

భుజం మీద చెయ్యి ఆగిపోయింది. అరుణ పెదవులు మెల్లగా కదిలాయి, రోజులు వెనక్కి లెక్కపెడుతున్నట్టు. "కిందిది బతికే ఉండె. ఆటోక్లేవ్‌ల వెట్టింది నువ్వే గద."

"నేనే."

"ఎర్కుండా?"

"ఎర్కుండే."

చెయ్యి తీసేసింది. అరవలేదు. ఒక్క మాట తిట్టినా సారమ్మకు ఊపిరాడేది. అరుణ కిటికీ దగ్గరికి పోయి, వీపు ఇటు పెట్టి నిలబడింది. అటు తిరిగే, "మీరు కిందికి పోండ్రి సారమ్మగారూ" అంది.

మూడేళ్ళలో "గారు" అనడం అదే మొదలు.

సారమ్మ కిందికి పోలేదు. ఎదుటి గదిలోని చంద్రమౌళి సారు దగ్గరికి పోయి మొత్తం చెప్పింది. ఆయన మీటింగుకు పోకుండా కూర్చున్నారు. "నువ్వా సారమ్మా?" అన్నారు. కాగితం మీద రాసి సంతకం పెట్టమంటే పెట్టింది. ఆ "నువ్వా" అనే మాటను సంతకం కంటే ఎక్కువ రోజులు మోసింది. అరుణకు పెద్దల దగ్గర ఆరు నెలల గడువు దొరికింది. ఇంకో మనిషి, ఇంకో సీసా, మొదటి నుంచి మొదలు.

మే మొదటి ఆదివారం సారమ్మ బల్ల దగ్గరికి పోయింది. రొట్టె తీసుకుంది. తేలిక అవుతుందనుకుంది. కొంచెమే అయింది. దేవుడు క్షమించాడని ఆమెకు నమ్మకమే. మెట్లెక్కి పోవాల్సింది మాత్రం రోజూ అరుణ దగ్గరికే.

ఆ వారంలోనే భద్రమ్మ దవాఖానలో చూపించుకోవడానికి వచ్చి, సంచీ నిండా మామిడికాయలతో కింది గదికి వచ్చింది. నిండుగా, ఎండకు నల్లబడి, ఆరోగ్యంగా ఉంది. అరుణ కూడా దిగివచ్చింది. సారమ్మ ఆమె చేతులు పట్టుకుని, "అక్కా, నువ్వు సిగ్గిడిసి ఇచ్చిందాన్ని నేను పాడుజేసిన. పాడైనంక దాసిపెట్టిన" అని చెప్పింది. నీకు మళ్ళీ జ్వరం రావాలని నాలుక కొస దాకా తెచ్చుకున్నానని కూడా చెప్పింది.

భద్రమ్మ అంతా విని నోరు వెళ్ళబెట్టింది. "నా ఉచ్చ పారవోసినవు. గంతేనా? దానికి ఏడుసుడేందే పిచ్చిదానా! జరానికి నువ్వు రమ్మంటే వస్తదా, నా మొగడు పిలిస్తేనే రాడు. పట్టు సీసా, ఇంకోటి ఇచ్చిపోత!"

అరుణ ఆపుకోలేక ఫక్కున నవ్వింది. "ఇప్పుడిస్తే ఏమస్తదమ్మా, నువ్వు మంచిగున్నవు!" అని, నవ్వుతూనే సారమ్మ వైపు తిరిగింది. చూపులు కలిసేసరికి నవ్వు సన్నగిల్లింది గానీ, వెంటనే మొహం తిప్పుకోలేదు.

మామిడికాయలు బల్ల మీద ఉన్నాయి. భద్రమ్మ బస్సుకు పోయింది. అరుణ వెళ్ళబోయి ఆగి, "పన్నెండు ప్లేట్లు గావాలె. శెక్కరవి" అంది.

సారమ్మ చేతులు కడుక్కుంది. కాగితం పరిచి, చక్కెర తూచింది. ముల్లు సరిగ్గా నిలిచాక పక్కకు జరగబోయింది. అంతలో అరుణ ముందుకు వచ్చి, వంగి, తానే ముల్లు చూసింది. కాగితం ఎత్తి మళ్ళీ పెట్టింది. రెండోసారి చూసింది. ఇరవై ఒక్క ఏళ్ళలో సారమ్మ తూకాన్ని మళ్ళీ తూచిన మనిషి లేదు.

సారమ్మ మొహం వేడెక్కింది. ఆ వేడిని తోసెయ్యలేదు. చేతులు ముందు కట్టుకుని, అరుణ చూడటం పూర్తయ్యేదాకా పక్కనే నిలబడింది.

"మంచిగ జూసుకో బిడ్డా" అంది. "నీళ్ళు గూడ జూడు. ట్రే నింపిన, అదీ జూడు."